గడీ: దక్షిణ తెలంగాణమున దొరల గృహజీవనము, గృహాలంకారము

గడీ యనునది నిజాం రాజ్యమునందలి తెలంగాణ జిల్లాలలో దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు, మక్తాదారులు, జాగీర్దారులు గ్రామమధ్యమున గాని, గ్రామమునకు ఎదురుగా నున్న మెరకమీద గాని కట్టుకొనిన ప్రాకారసహితమైన నివాసము. దొర కుటుంబము కాపురముండు ఇల్లు, శిస్తు లెక్కలు చూచు కచ్చేరి, తగవులు తీర్చి శిక్షలు విధించు పంచాయతీ స్థలము, ధాన్యము నిలువచేయు కోష్ఠాగారము, అవసరము తటస్థించినచో ఆత్మరక్షణకు కోట: ఇన్నియు ఒక్క గోడలోపలనే ఇమిడి యుండెను. యాదగిరిగుట్టకు పరిసరమున నున్న భువనగిరి, ఆలేరు, రాజాపేట, జనగామ ప్రాంతములనుండి సూర్యాపేట వరకును, దక్షిణమున కృష్ణాతుంగభద్రల తీరమందలి పాలమూరు సంస్థానముల వరకును గల మెట్టసీమలో ఈ గృహములు రెండుమూడు శతాబ్దుల గ్రామీణ చరిత్రకు కేంద్రములైనవి.

గడీయొక్క కట్టడమును, అలంకారమును, కుటుంబ వ్యవహారమును ఒకే సూత్రము నడిపించినది. ఎవరు ఏ గడపవరకు రావచ్చును, ఎవరు ఏ గడపకడ నిలిచిపోవలయును అనునదియే ఆ సూత్రము. దీనిని గ్రహించిన పిమ్మటనే ఆ స్తంభములకును, తివాచీలకును, నిలువుటద్దములకును అర్థము తెలియును.

పుట్టుక, పరిణామము

దక్కను సుల్తానుల కాలమునుండి పరగణాల శిస్తు వసూలు దేశ్‌ముఖులకును, దాని లెక్కలు దేశ్‌పాండ్యాలకును వంశపారంపర్యముగా సంక్రమించుచు వచ్చినవి. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగు వసూలు గుత్తలను క్రమముగా తొలగించి, 1865లో జిలాబందీని ఏర్పరచి, రాజ్యమును జిల్లాలుగను తాలూకాలుగను విభజించి జీతమునకు పనిచేయు ఉద్యోగులను నియమించినప్పుడు, ఈ వంశములు వసూలు అధికారమును కోల్పోయి అందులకు బదులుగా వతను రుసుములను, అనగా వంశపారంపర్యపు భృతిని, పొందినవి. అధికారము చేజారినను పలుకుబడి చేజారలేదు. భూముల కొలతలు, పట్టాలు ఏర్పడిన దినములలో కాగితము చదువనేర్చినవారు వారే యగుటచేత సారవంతములైన భూములనేకములు వారి పేరనే నమోదైనవి. సూర్యాపేట ప్రాంతపు దేశ్‌ముఖు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబమునకు 1,50,000 ఎకరములును, విసునూరు దేశ్‌ముఖు రాపాక రామచంద్రారెడ్డికి 40 గ్రామములలో 40,000 ఎకరములును ఉండెనని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటమును గూర్చిన తన గ్రంథమున వ్రాసెను. ఇంతటి భూమిపై వచ్చు ధాన్యమును దాచుటకు, ఇంతమంది రైతుల లెక్కలను నడుపుటకు, ఇంతటి పెత్తనమును ఊరి కన్నులకు కట్టించుటకు సామాన్యగృహము చాలదు. గడీ అట్లు పెరిగినది.

ఈ సీమలో గడీలతోపాటు సంస్థానముల కోటలును ఉండెను. నిజాముకు పేష్కసు చెల్లించుచు తమ సీమను తామే ఏలుకొనిన హిందూ సంస్థానములలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు, గోపాలపేట పాలమూరు ప్రాంతమున నుండగా, రాజాపేట, నారాయణపురము యాదగిరిగుట్టకు చేరువనే యున్నవి. రాజాపేటలో కోట గోడలు నేటికిని నిలిచియున్నవి; సంస్థాన్ నారాయణపురమను పేరు నేటికిని మండల నామముగా వ్యవహారమందున్నది.

నిర్మాణ విన్యాసము

గడీకి మొదటి లక్షణము ఎత్తైన ప్రహరీగోడ. పెద్ద గడీలలో గోడ మూలలయందు బురుజులును, వాటిలో తుపాకి గురిపెట్టుటకు రంధ్రములును ఉండెడివి. సింహద్వారమునకు ఇనుప బొడిపెలు కొట్టిన భారమైన టేకు తలుపులు. వానిలో ఒక తలుపునకు మనిషి వంగి దూరదగిన దిడ్డి యుండెను. దొర బండియో, గుఱ్ఱమో, మేనాయో వచ్చినప్పుడు మాత్రమే పెద్ద తలుపులు తెరచెడివారు; తక్కినవారందరు దిడ్డిలోనుండి తలవంచియే రావలసియుండెను.

ద్వారము దాటినంతనే విశాలమైన వాకిలి. ఒకవైపున ఎడ్ల కొట్టములు, గుఱ్ఱపుసాల, బండ్లు, కచ్చురములు నిలుపు పాకలు. మరొకవైపున లెక్కలు వ్రాయు గుమాస్తాల గదులు. ఎదుట అరుగుపైన స్తంభముల వరుసతో హజారము. దొర దర్బారు ఇచ్చటనే. రైతులు వాకిట నిలిచి మనవి చేసికొనెడివారు. గ్రామోద్యోగులు మెట్లమీదికి రావచ్చును. తాలూకా అధికారులకును, బంధువులకును అరుగుమీద ఆసనము లభించును. హజారము వెనుక దివాన్‌ఖానా, దానిని దాటిన పిదప భవంతి, అనగా నాలుగువైపుల దాలానులు, నడుమ ఆకాశమునకు తెరచిన ముంగిలి గల అంతర్గృహము. ఆ దాలానులవెంట పడకగదులు, దేవునర్ర, సామానర్ర, వంటర్ర. వాని వెనుక బావి, పెరడు, గరిసెలు. నేలలో త్రవ్విన పాతరలయందు జొన్నలు నింపి పైన మన్ను కప్పి కరవు కాలమునకు దాచెడివారు.

మెట్టసీమ యెండలకు తగినట్లే ఈ కట్టడము సాగినది. రాతితోను మట్టితోను మిక్కిలి మందముగా లేపిన గోడలు పగటి వేడిమిని లోనికి రానీయవు. ముంగిలి వెలుతురును, గాలిని, వాననీటిని ఇంటి నడిమికే తెచ్చును. గానుగలో నూరిన డంగుసున్నమునకు బెల్లపునీటిని, కరక్కాయ రసమును చేర్చి పూసి, రాతితో రుద్ది మెరుగుపెట్టిన గచ్చు చలువరాతివలె నిగనిగలాడెడిది. నేలకు షాబాదు, తాండూరు బండలు పరచెడివారు.

గృహాంతరాలంకారము

గడీలోని అలంకారము బయటనుండి లోపలికి పోవుకొలది స్వభావమును మార్చుకొనును. హజారమునందును, దివాన్‌ఖానాయందును అలంకారమంతయు చూచువానికొరకు. భవంతిలో అది కాపురముండువారికొరకు.

దివాన్‌ఖానాలో జంపఖానాలపై తివాచీ, దానిపై తెల్లని దుప్పటి కప్పిన గద్దె, ఆనుకొనుటకు బాలీసులు ఉండెడివి. ఇరువదవ శతాబ్దారంభమునుండి గద్దె పక్కన నగిషీచెక్కిన కుర్చీలు, బల్లలు చేరినవి. పైకప్పునుండి గాజు ఝుమ్మరులు వ్రేలాడెను. గోడలకు నిలువుటద్దములు, గంటలు కొట్టు గడియారములు, వేటాడిన జంతువుల కొమ్ములు, తోళ్ళు, కత్తులు, డాళ్ళు అమర్చెడివారు. దొరల నిలువెత్తు ఛాయాచిత్రములకు ప్రక్కనే రవివర్మ దేవతా చిత్రములు వెలసినవి. 1894లో బొంబాయిలో రవివర్మ ముద్రణాలయము నెలకొల్పిన పిమ్మట ఆ రంగుల పటములు దేశమంతట వ్యాపించి, అంతకుముందు రాజగృహములకే పరిమితమైన తైలచిత్రముల ముచ్చటను గ్రామగృహములకు తెచ్చినవి. ఎండకాలమున కప్పునకు కట్టిన గుడ్డ పంకాను బయట కూర్చున్న మనిషి త్రాటితో లాగుచుండెను. దొరకు చల్లగాలి, లాగువానికి ఆ పగలంతయు పని. వెట్టివ్యవస్థ ఆ త్రాటి రెండు కొనలను కలిపియుంచినది.

నిజాం రాజ్యపు హస్తకళలకు ఈ గృహములు ప్రధానపోషకములు. వరంగల్లు తివాచీలు 1851 నాటి లండను మహాప్రదర్శనమునకే చేరి ప్రఖ్యాతి గాంచినవి. పెంబర్తి కంచరులు ఇత్తడి రేకును సుత్తితో మలచి కలశములు, తొడుగులు, పాత్రలు సిద్ధపరచిరి. బీదరు కళాకారులు నల్లని లోహమున వెండిని పొదిగి హుక్కా కుదుళ్ళను, తమలపాకుల పెట్టెలను చేసిరి. కరీంనగరు కంసాలులు వెండి తీగెతో అత్తరుదానులను అల్లిరి. గద్వాల నేతగాండ్రు నూలు చీరకు పట్టు అంచును, పట్టు కొంగును అతికి నేయు చీరలును, నారాయణపేట చీరలును, పుట్టపాక ప్రాంతపు తేలియా రుమాళ్ళును దొరసానుల పెట్టెలలో చోటుచేసికొనినవి.

భవంతి లోపల అలంకారము వేరు. స్తంభముల శిరస్సులయందు తామరలు, చిలుకలు, దేవునర్ర గడప పైకమ్మిపై గజలక్ష్మి, గడపలకు పసుపు కుంకుమలు, గోడ గూళ్ళలో ఆముదపు దీపములు, దూలమునుండి ఇత్తడి గొలుసులతో వ్రేలాడు ఉయ్యాలబల్ల, పందిరిమంచములు, చందనపుపెట్టెలు, మూలలయందు వరుసగా పేర్చిన రాగి, ఇత్తడి బిందెలు. అవి చేతికి నిత్యము తగులు వస్తువులు. రంగవల్లి తెల్లవారకముందే తీర్చెడివారు. సాయంకాలము కందీళ్ళు తుడిచి వెలిగించెడివారు. అలంకారమన్నది ఇచ్చట ప్రతిదినము చేయు పని, ఆ పని చేసిన చేతులు మాత్రము దొరసానివి కావు.

కుటుంబ జీవనము

గడీలోని కుటుంబము ఉమ్మడి కుటుంబము. పెద్దదొర, చినదొరలు, వారి భార్యలు, వితంతువులైన ఆడపడుచులు, దత్తత వచ్చిన బిడ్డలు, చదువులకై చేరిన మేనల్లుండ్రు ఒకే కప్పుక్రింద నివసించెడివారు. మగవారి దినము హజారములో గడచెడిది. భోజనమునకును, నిద్రకును తప్ప వారు భవంతిలోనికి వచ్చుట తక్కువ. గ్రామము జొన్నగటకతో కడుపు నింపుకొనుచున్న దినములలో గడీలో ప్రతిదినమును వరియన్నము, నెయ్యి, పెరుగు వడ్డింపబడెను. మగవారి భోజనమైన తరువాత ఆడవారు, వారి తరువాత పనివారు తినుట ఆచారము.

చదువునందు రెండు ధారలు కలిసినవి. రాజభాష ఉర్దూ యగుటచేత మౌల్వీ గడీకి వచ్చి పిల్లలకు ఉర్దూ, పారసీకము నేర్పెను; బాలరామాయణమును, శతకములను, ఛందస్సును పంతులు చెప్పెను. సంభాషణలో దివాణము, దర్వాజ, తారీఖు వంటి పలుకులు తెలుగుతో కలిసిపోయి అచ్చమైన గడీ భాష యేర్పడినది. 1918లో హైదరాబాదున రెడ్డి హాస్టలు వెలసిన తరువాత ఈ కుటుంబముల పిల్లలనేకులు నగరమున చదువుకొని, గ్రంథాలయోద్యమమును, ఆంధ్ర మహాసభను చేరిరి. భువనగిరి సీమలోని బొల్లేపల్లిలో భూస్వామి కుటుంబమున పుట్టిన రావి నారాయణరెడ్డి 1944లో భువనగిరిలోనే జరిగిన ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడై, తాను పుట్టిన వర్గమునకు ఎదురు నిలిచెను. గడీల చరిత్రలో ఈ ఆత్మవిమర్శ గౌరవింపదగిన అధ్యాయము.

పండుగలలో దసరా, బతుకమ్మ ముఖ్యములు. దసరానాడు ఆయుధములకు పూజచేసి, జమ్మి ఆకును తొలుత దొర చేతిలో పెట్టి గ్రామస్థులు మ్రొక్కెడివారు. బతుకమ్మలను గడీ ముంగిట ఆడవలెనను కట్టుబాటు పలుచోట్ల నుండెను. ఈ సీమ కుటుంబములకు యాదగిరి లక్ష్మీనరసింహస్వామి ఇలవేల్పుగ ఆరాధ్యుడు. పుట్టువెంట్రుకలు, మ్రొక్కుబడులు, ఫాల్గుణమాసపు బ్రహ్మోత్సవములు గుట్టకు ప్రయాణము కట్టించెడివి. రైలులో రాయగిరిన దిగి కొందరు, ఇంటినుండియే కచ్చురములకు తెరలు కట్టించుకొని కొందరు వచ్చెడివారు. గడీ నాలుగు గోడలను దాటి లోకమును చూచు అవకాశము దొరసానికి అరుదుగా దొరకు దినములు అవి.

ఘోషా, దొరసానుల స్థితి

హైదరాబాదు ఉమరావుల ఆచారము దొరల కుటుంబములయందు ఘోషాను బలపరచినది. దొరసాని హజారములోనికి రాదు. వచ్చిన పరపురుషునికి కనబడదు. పయనము తెరల చాటుననే. కిటికీల చెక్కజాలకములు, దాలానుల వెదురుతెరలు, మేడమీది గవాక్షములు చూడనిచ్చుటకును, కనబడకుండుటకును కల్పించిన అలంకారములు. అయినను భవంతిలో పెత్తనము ఆమెదే: ధాన్యపు లెక్క, వంట, వచ్చిపోవువారి మర్యాద, పెండ్లిండ్ల పెట్టుపోతలు ఆమె మాటమీద నడిచెను. భర్తృవిహీనలైనవారిలో కొందరు ఆస్తిపాలనమును సైతము చేపట్టిరి. గద్వాల సంస్థానమును సీతారామభూపాలుని అనంతరము మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పాలించెను. ఆమెయే ఆ సంస్థానమునకు చివరి పాలకురాలు. విసునూరు దొర తల్లి జానకమ్మ కడవెండి గడీలో నుండి చుట్టుప్రక్కల వసూళ్ళు జరిపి, గ్రామస్థులకు భయకారణమయ్యెను. ఘోషా స్త్రీని దాచెనే గాని, అధికారమునుండి అన్నిచోట్ల తప్పింపలేదు.

ఆడబాపలు, వెట్టిచాకిరి

గడీని వర్ణించు వ్యాసము ఇచ్చట ఆగి నిదానింపవలెను. దొరబిడ్డను అత్తవారింటికి పంపునప్పుడు నగలతోను, సామానుతోను కలిపి పేదకులముల బాలికలను దాసీలుగా పంపు ఆచారముండెను. వీరిని ఆడబాపలనిరి. వీరికి వివాహము లేదు, జీతము లేదు, తిరిగి తల్లిగారింటికి పోవు త్రోవ లేదు. దొరసానికి తలదువ్వుటనుండి దొర పడకగదివరకు వారి చాకిరి వ్యాపించెను. వారి శరీరములపై దొరలకు గల అధికారమును ప్రశ్నించువారు లేరు. పుట్టిన బిడ్డలకు తండ్రి పేరు లేదు. ప్రతి మనిషికి ఒక గడప హద్దుగా నిర్ణయించిన ఆ ఇంటిలో అన్ని గడపలను దాటి తిరిగినది ఆడబాప యొక్కతెయే. ఆమెకు మాత్రము తనదనదగిన గడప లేకపోయెను.

వాకిటి పనులు వెట్టిమీద సాగినవి. కుమ్మరి కుండలీయవలెను, చాకలి బట్టలుదికి దీపములు వెలిగించి మేనా మోయవలెను, మంగలి ఒళ్ళు పట్టవలెను, మాదిగ చెప్పులు కుట్టి మోటబొక్కెన తోలు సమకూర్చవలెను, గౌండ్లవాడు కల్లు తేవలెను, సాలె బట్టలీయవలెను. పండుగకును, పెండ్లికిని అదనపు మామూళ్ళు. కొత్త హజారము కట్టినను, పాత గోడకు సున్నము వేసినను కూలి లేని చేతులే పనిచేసినవి. గడీలో మెరయు గచ్చులో సున్నముతోపాటు కలిసినది ఈ శ్రమ. దీనిని విడిచి ఆ శిల్పమును మాత్రమే మెచ్చుకొనుట అర్ధసత్యము.

సంస్థానముల మహళ్ళు

గడీలకు ఆదర్శములైనవి సంస్థానముల కోటలు, వానికి ఆదర్శములు రాజధానిలోని మహళ్ళు. 1884లో వికారుల్ ఉమ్రా హైదరాబాదున ప్రారంభించి, తరువాత ఆరవ నిజాముకు చేరిన ఫలక్‌నుమాలో ఐరోపా దేశపు ఉపకరణములు, ఝుమ్మరులు, 101 మంది ఒకేసారి భుజింపదగిన బల్ల వెలసి, ప్రభువర్గమునకంతటికి అభిరుచిని నేర్పినవి. పాలమూరు సంస్థానాధీశులును విశాలమైన మెట్లను, కమానులను, ఐరోపా స్తంభములను తమ భవనములకు చేర్చుకొనిరి. సోమనాద్రి కట్టించిన గద్వాల కోటలో కేశవస్వామి ఆలయమే కేంద్రము. పండితులను పోషించిన ఆ సంస్థానము విద్వద్గద్వాలయని పేరొందెను. తిరుపతి వేంకటకవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములలో అవధానములు చేసి సత్కారములందిరి. కొల్లాపురమున జటప్రోలు ప్రభువులైన సురభివారి ప్రాసాదము నేటికిని చూడవచ్చును. ఈ సభామందిరములలో ఝుమ్మరులకంటె పద్యమే ప్రధానాలంకారమైనదనుట అతిశయోక్తి కాదు.

ఆంగ్లదేశపు పల్లెప్రాసాదములతో సామ్యము

ఇంగ్లండునందలి ప్రభువుల పల్లెప్రాసాదములతో గడీకి పోలికలు గలవు. డెర్బీషైరులో 1590లలో బెస్ అను కులీనస్త్రీ కట్టించిన హార్డ్‌విక్ భవనమునందును క్రింది అంతస్తునుండి పై అంతస్తునకు పోవుకొలది గదుల వైభవము పెరిగి, అతిథి స్థాయినిబట్టి ఎంత దూరము పోవచ్చునో నిర్ణయమయ్యెను. ఆ భవనపు సామానంతటికి 1601లో వ్రాసిన పట్టిక నేటికిని నిలిచియుండుటచే ఏ గదిలో ఏ తెర, ఏ తివాచీ యుండెనో చెప్పగలుగుచున్నారు. వేల్సునందలి ఎర్డిగ్ భవనమునందు యజమానులు పదునెనిమిదవ శతాబ్దమునుండి తమ సేవకుల చిత్రపటములను వ్రాయించి పద్యములతో గోడలకు అలంకరించిరి. అక్కడి సేవకులకు జీతముండెను, పని విడుచు స్వేచ్ఛ యుండెను. గడీ గోడలపై దొరలున్నారు, దేవతలున్నారు. ఆడబాప జ్ఞాపకము జనుల పాటలలోను, కథలలోను నిలువవలసి వచ్చెను. 1988లో బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ చలనచిత్రము ఆమె జీవితమును గడీ గదులలోనే చిత్రించి, ఉత్తమ తెలుగుచిత్రము, ఉత్తమ నటి, ఛాయాగ్రహణము, కళాదర్శకత్వము, వేషరచన అను ఐదు విభాగములలో జాతీయ పురస్కారములందెను. కళాదర్శకుడు తోట వైకుంఠము ఆ గృహపు ప్రతి వస్తువును యథాతథముగ నిలిపెను.

పతనము

1946 జూలై 4వ తేదీన కడవెండిలో గడీ ముందుగా సాగిన ఊరేగింపుపై జరిగిన కాల్పులలో సంఘ కార్యకర్త దొడ్డి కొమరయ్య మరణించుటతో వెట్టికి ఎదురుతిరిగిన ఉద్యమము సాయుధపోరాటముగా ప్రజ్వరిల్లెను. దొరలనేకులు కుటుంబములతో నగరమునకు తరలిపోయిరి. 1948 సెప్టెంబరులో పోలీసుచర్య, 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టము వరుసగా వచ్చినవి. 1951 ఏప్రిల్ 18న యాదగిరిగుట్టకు ఎంతో దూరము లేని పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబాభావేకు 100 ఎకరములను సమర్పించుటతో భూదానోద్యమము జన్మించెను. 1973 నాటి భూపరిమితి చట్టము, 1984లో పటేలు పట్వారీల వ్యవస్థ రద్దు మిగిలిన పలుకుబడిని తగ్గించినవి. చాకిరి లేనిదే గడీ నిలువలేదు. పంకా లాగువాడు, గచ్చు మెరుగుపెట్టువాడు, నీరు మోయువాడు వెళ్ళిపోయిన తరువాత కప్పులు కారినవి, టేకు స్తంభములు అమ్ముడైనవి, ఝుమ్మరులు నగరపు దుకాణములకు చేరినవి.

నేటి స్థితి

మిగిలిన వానిలో కొన్ని విద్యాసంస్థలకు ఆశ్రయమిచ్చినవి. వనపర్తి రాజభవనమున 1959లో పాలిటెక్నిక్ వెలసెను. గద్వాల కోటలో ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట కళాశాల నడచుచున్నది. ఒకనాడు దిడ్డిలో వంగి దూరినవారి మనుమలు పెద్ద ద్వారముగుండ తరగతులకు నడచుటకంటె ఆ గోడలకు మేలైన ప్రయోజనమును ఊహింపజాలము. కామారెడ్డి ప్రాంతమున దోమకొండ కోటను దాని వంశీకులు శ్రద్ధతో పునరుద్ధరింపగా, 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారములలో దానికి గుర్తింపు లభించినది. యాదగిరిగుట్ట ఆలయము కృష్ణశిలతో పునర్నిర్మితమై 2022 మార్చి 28న పునఃప్రారంభమైన తరువాత యాత్రికుల రాకపోకలు పెరిగినవి. ఈ దారులలోని కోటలను, గడీలను చూపునట్లు సిద్ధపరచుటకు ఇది తగిన అదను.

అట్టి పరిరక్షణకు పూనుకొనువారు హజారమునకు రంగులు వేసి, దివాన్‌ఖానాలో తివాచీ పరచి తృప్తిపడరాదు. వంటర్ర వెనుకనున్న ఆడబాపల గదులు, పంకా త్రాడు బయటికి వచ్చిన రంధ్రము, దిడ్డి తలుపు, గరిసెలు, వెట్టివారు నిలిచిన వాకిలి ఇవన్నియు యథాస్థానమున నిలుపవలెను. ఏ పనిని ఏ కులమువారు కూలి లేక చేసిరో ఫలకములమీద వ్రాయవలెను. జీవించియున్న వృద్ధుల మాటలను నమోదుచేయవలెను. శిల్పమునకును, శ్రమకును సమానమైన చోటిచ్చిన నాడే గడీ దక్షిణ తెలంగాణ చరిత్రకు సమగ్రమైన సాక్ష్యము కాగలదు.